టర్న్‌టేబుల్‌కు సరిపోయే ఫోనో ప్రీయాంప్‌ను ఎంచుకోవడం ఎలా

ఫోనో ప్రీయాంప్ (టర్న్‌టేబుల్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచి, సరిదిద్ది ఆంప్లిఫయర్‌కు అందించే పెట్టె) కొనేటప్పుడు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత కంపెనీ పేరు చూస్తారు. వాటికంటే ముందు చూడాల్సింది మీ టోన్‌ఆర్మ్ (రికార్డు మీదికి వచ్చే చేయి) చివర ఉన్న కార్ట్రిడ్జ్‌ని, అంటే సూది కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న భాగాన్ని. ఏ ప్రీయాంప్ పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చేది అదే. కార్ట్రిడ్జ్‌తో వచ్చిన కాగితంలో నాలుగు అంకెలుంటాయి: ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుంది, ఎన్ని ఓములు లోడ్ (ప్రీయాంప్ వైపు నుంచి దానికి తగిలే నిరోధం) కోరుతుంది, ఎన్ని పికోఫారడ్ల కెపాసిటెన్స్ సరిపడుతుంది, కాయిల్ ఇండక్టెన్స్ ఎంత. కాగితం పోయి ఉంటే తయారీదారు వెబ్‌సైటులో దొరుకుతాయి. ఆ నాలుగూ ఒక చీటీ మీద రాసుకున్నాకే దుకాణానికి వెళ్లండి.

అసలు మీకు ప్రీయాంప్ కావాలా?

టర్న్‌టేబుల్ వెనక్కి తిప్పి చూడండి. ‘ఫోనో’, ‘లైన్’ అని రెండు వైపులా జరిగే చిన్న మీట ఉంటే అందులో ప్రీయాంప్ ఇప్పటికే ఉంది. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్, ఏటీ-ఎల్‌పీ120ఎక్స్‌యూఎస్‌బీ, సోనీ పీఎస్-ఎల్ఎక్స్310బీటీ ఈ కోవలోవే. రేగా ప్లానార్ 1, ప్రో-జెక్ట్ డెబ్యూ కార్బన్ ఎవో లాంటి వాటిలో అది ఉండదు. తర్వాత మీ ఆంప్లిఫయర్ వెనక చూడండి. ‘ఫోనో’ అని రాసిన జత సాకెట్లు, పక్కనే ఎర్త్ తీగ బిగించే చిన్న స్క్రూ ఉంటే ఆంప్లిఫయర్‌లోనూ ప్రీయాంప్ ఉన్నట్టే. పాత స్టీరియో ఆంప్లిఫయర్లలో ఇది మామూలు. ఇప్పటి బ్లూటూత్ స్పీకర్లలో, హోమ్ థియేటర్ పెట్టెల్లో చాలావరకు ఉండదు.

దారిలో ప్రీయాంప్ ఒక్కటే ఉండాలి. రెండూ పనిచేస్తుంటే, అంటే టర్న్‌టేబుల్ మీట ‘లైన్’ మీద ఉండగా తీగను ఆంప్లిఫయర్ ‘ఫోనో’లో గుచ్చితే, బేస్ ఉబ్బిపోయి పాటంతా చిరిగినట్టు వినిపిస్తుంది. ఒక్కటీ లేకపోతే వాల్యూమ్ చివరిదాకా తిప్పినా పాట సన్నగా, దూరంగా, ‘స’ శబ్దాలు మాత్రమే తేలుతూ వస్తుంది. ఈ రెండు లక్షణాలు గుర్తుంచుకుంటే సగం ఫిర్యాదులకు జవాబు మీ దగ్గరే ఉంటుంది.

పాత సూట్‌కేసు ప్లేయర్ల సంగతి వేరు. వాటిలో ఎక్కువగా ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి ఫోనో ప్రీయాంప్‌కు కలపకూడదు, కలిపితే శబ్దం పగిలిపోతుంది. ఫంక్షన్లకు వాడే ఆంప్లిఫయర్ ‘మైక్’ సాకెట్‌లో టర్న్‌టేబుల్ గుచ్చడం ఇంకో పొరపాటు. శబ్దం పెరుగుతుంది గానీ రికార్డుకు కావాల్సిన స్వర సవరణ అక్కడ జరగదు.

టర్న్‌టేబుల్‌లోనే ప్రీయాంప్ ఉన్నవాళ్లు వెంటనే బయటిది కొనక్కర్లేదు. ముందు ఉన్నదాంతో నెల రోజులు వినండి. కార్ట్రిడ్జ్ మార్చాలనుకున్నప్పుడో, రికార్డు పెట్టకముందే హిస్ శబ్దం గట్టిగా వినపడుతున్నప్పుడో బయటి ప్రీయాంప్ గురించి ఆలోచించడం మేలు.

ఆ పెట్టె చేసే రెండు పనులు

మొదటిది పెంచడం. కార్ట్రిడ్జ్‌లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: సూదితోపాటు అయస్కాంతం కదిలేది ఎంఎం (మూవింగ్ మాగ్నెట్), కాయిల్ కదిలేది ఎంసి (మూవింగ్ కాయిల్). మామూలు ఎంఎం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 6 మిల్లీవోల్టులు. ఆంప్లిఫయర్ లైన్ సాకెట్ కోరేది కొన్ని వందల మిల్లీవోల్టులు.

రెండోది సరిదిద్దడం. రికార్డు కోసేటప్పుడు బేస్‌ను తగ్గించి, పై స్వరాలను పెంచి కోస్తారు. బేస్‌ను ఉన్నదున్నట్టు కోస్తే గాడి పక్కలకు విపరీతంగా ఊగి, పక్క గాడిని తాకుతుంది, రికార్డు మీద పట్టే నిడివి తగ్గిపోతుంది. పై స్వరాలను పెంచి కోయడం వల్ల, వినేటప్పుడు వాటిని తగ్గించగానే సూది గీరుకునే హిస్ కూడా వాటితోపాటే తగ్గుతుంది. ఈ తగ్గింపు, పెంపు ఎంతెంత ఉండాలో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ 1954లో ఖాయం చేసింది. ప్రీయాంప్ దానికి సరిగ్గా తిరగేసిన పని చేయాలి: 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తగ్గించాలి.

ఇందులో మన ఇళ్లకు సంబంధించిన చిక్కు ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. సరిగ్గా అక్కడ ప్రీయాంప్ పెంపు 1 కిలోహెర్ట్జ్ దగ్గర కంటే 17 డెసిబెల్స్ ఎక్కువ, అంటే దాదాపు ఏడు రెట్లు. సీడీ ప్లేయర్‌కు రాని హమ్మింగ్ టర్న్‌టేబుల్‌కు ఎందుకొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. తీగలు, ఎర్తింగ్, పెట్టె పెట్టే చోటు గురించి కింద అంత వివరంగా చెప్పడానికి కారణమూ ఇదే.

గెయిన్ లెక్క

ప్రీయాంప్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పేది గెయిన్, దాన్ని డెసిబెల్స్‌లో రాస్తారు. 40 డెసిబెల్స్ అంటే 100 రెట్లు, 60 అంటే 1000 రెట్లు. ప్రతి 6 డెసిబెల్స్‌కు రెట్టింపు అవుతుందని గుర్తుంచుకుంటే చాలు. ప్రీయాంప్ నుంచి బయటికి 300 నుంచి 500 మిల్లీవోల్టుల దాకా రావాలి.

ఆర్టోఫోన్ 2ఎం రెడ్ 5.5 మిల్లీవోల్టులు ఇస్తుంది. 40 డెసిబెల్స్ గెయిన్‌తో అది 550 మిల్లీవోల్టులు, హాయిగా సరిపోతుంది. ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈ ఇచ్చే 4 మిల్లీవోల్టులు 400 అవుతాయి, అదీ బాగుంది. డెనాన్ డీఎల్-110 ఎంసి రకమే అయినా 1.6 మిల్లీవోల్టులు ఇస్తుంది. 40తో 160 మాత్రమే వస్తాయి, కాబట్టి 46 నుంచి 48 డెసిబెల్స్ ఉన్నది వెతకాలి. డెనాన్ డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులే. దానికి 40 డెసిబెల్స్ ఇస్తే చేతికొచ్చేది 30 మిల్లీవోల్టులు, 60 ఇస్తే 300.

కార్ట్రిడ్జ్‌ల కాగితాల్లో ఈ మిల్లీవోల్టుల పక్కన ‘5 సెంటీమీటర్లు/సెకను’ అని ఉంటుంది, సూది ఎంత వేగంతో ఊగినప్పుడు కొలిచారో చెప్పేది అది. కొన్ని కంపెనీలు 3.54 సెంటీమీటర్ల దగ్గర కొలిచి రాస్తాయి. అలాంటి అంకెను 1.41తో గుణించాకే మిగతావాటితో పోల్చండి.

ఎక్కువ గెయిన్ ఉంటే ఎక్కువ మంచిదన్న భ్రమ వద్దు. 5.5 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్‌ను 60 డెసిబెల్స్ మీద పెడితే సగటునే 5 వోల్టులు దాటాలి. చాలా ప్రీయాంప్‌లు అంత ఇవ్వలేక గట్టి చోట్ల సిగ్నల్ శిఖరాలను కోసేస్తాయి, శబ్దం చిరిగినట్టు వస్తుంది. తక్కువైతే వాల్యూమ్ పెంచి నడపొచ్చు గానీ దాంతోపాటు హిస్ పెరుగుతుంది. రేపు కార్ట్రిడ్జ్ మారుస్తామనుకునేవాళ్లు గెయిన్ మార్చుకునే మీట ఉన్నది కొనడం తెలివైన పని. ఐఫై జెన్ ఫోనోలో 36, 48, 60, 72 డెసిబెల్స్ నాలుగు మెట్లున్నాయి. కేంబ్రిడ్జ్ ఆడియో అల్వా డ్యువోలో ఎంఎంకు 39, ఎంసికి 60 ఉన్నాయి.

కెపాసిటెన్స్: అందరూ దాటేసే అంకె

ఎంఎం కార్ట్రిడ్జ్ కొన్నవాళ్లు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ఎంఎం లోడ్ 47 కిలో ఓములు అన్నది దాదాపు అన్ని ప్రీయాంప్‌లలో ఒకటే, దాని గురించి బెంగ అక్కర్లేదు. కెపాసిటెన్స్ (తీగలు, సర్క్యూట్లు విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే గుణం) మాత్రం ఇంటింటికీ మారుతుంది, ఎందుకంటే అందులో మీ తీగలకూ వాటా ఉంది.

ఎంఎం లోపలి కాయిల్‌కు పెద్ద ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. 2ఎం రెడ్‌కు 700 మిల్లీహెన్రీలు, ఏటీ-వీఎం95ఈకి 550. ఆ ఇండక్టెన్స్, బయట తగిలిన కెపాసిటెన్స్ కలిసి ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా మోగుతాయి, దాని పైన శబ్దం నిట్టనిలువునా పడిపోతుంది. ఆ చోటు ఎంత పైకి పోతే అంత మంచిది. ఏటీ-వీఎం95ఈకి కంపెనీ చెప్పింది 100 నుంచి 200 పికోఫారడ్లు. 200 దగ్గర ఆ మోత 15 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది. అదే కార్ట్రిడ్జ్‌కు 450 పికోఫారడ్లు తగిలిస్తే 10 కిలోహెర్ట్జ్‌కు దిగివస్తుంది. అప్పుడు గాయని ‘స’, ‘ష’ పలికినచోటల్లా చెవిలో గుచ్చుకుంటుంది. తాళాల మోత గరుకుగా ఉంటుంది, ఆ పై స్వరాల్లో ఉండాల్సిన విశాలత మాత్రం ఉండదు. జనం దీన్ని విని ‘ఈ కార్ట్రిడ్జే గరుకు’ అని తీర్పు చెప్పి ఇంకొకటి కొంటారు. కార్ట్రిడ్జ్ తప్పేమీ లేదు, తీగ మారిస్తే పోయేది.

2ఎం రెడ్ మాత్రం 150 నుంచి 300 దాకా కోరుతుంది. ఒకరి ఇంట్లో బాగున్న ప్రీయాంప్ మరొకరి ఇంట్లో అంత బాగా పలకకపోవడం వెనక చాలాసార్లు ఈ తేడానే ఉంటుంది.

మీ ఇంటి లెక్క ఇలా కట్టండి. టోన్‌ఆర్మ్ లోపలి తీగలు, ఆర్‌సీఏ కేబుల్ (ఎరుపు, తెలుపు పిన్నులున్న ఆడియో తీగ), ప్రీయాంప్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్: ఈ మూడూ కూడాలి. ప్రీయాంప్ అంకె దాని మాన్యువల్‌లో ఉంటుంది, ఎక్కువగా 100 దగ్గర, కొన్నిట్లో 200 పైన. మామూలు కేబుల్ మీటరుకు 100 పికోఫారడ్ల దాకా తింటుంది. నాసిరకపు సన్న తీగలు ఇంకా ఎక్కువ తింటాయి. ఆర్మ్ తీగలకు కొన్ని పదుల పికోఫారడ్లు వేసుకోండి. మీటరు కేబుల్, 100 ఉన్న ప్రీయాంప్ అయితే మొత్తం 220 నుంచి 250 మధ్య తేలుతుంది. ఇది 2ఎం రెడ్‌కు చక్కగా సరిపోతుంది, వీఎం95ఈకి కాస్త ఎక్కువ.

అంచనా వద్దు, కొలిచే చూస్తామనుకునేవాళ్లకు కెపాసిటెన్స్ రేంజ్ ఉన్న మల్టీమీటర్ చాలు. ప్రీయాంప్ ఆపి, టర్న్‌టేబుల్ కేబుల్ దాని నుంచి ఊడదీయండి. హెడ్‌షెల్ (టోన్‌ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించి ఉన్న భాగం) ఊడేదైతే విప్పి పక్కన పెట్టండి. ఊడనిదైతే కార్ట్రిడ్జ్ పిన్నుల నుంచి నాలుగు చిన్న తీగలనూ సన్నని పట్టకారుతో మెల్లగా లాగండి. మల్టీమీటర్ తీగలు రెండూ గాలిలో ఉన్నప్పుడు చూపే అంకె ముందు రాసుకోండి. తర్వాత ఆర్‌సీఏ నడిమి పిన్నుకు ఒకటి, బయటి రింగుకు ఒకటి ఆనించి చదవండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే మీ తీగల కెపాసిటెన్స్ వస్తుంది. కుడి ఎడమలు విడివిడిగా కొలవండి. ఒక్క జాగ్రత్త: కార్ట్రిడ్జ్ తగిలి ఉండగా ఓముల రేంజ్ పెట్టి కాయిల్ కొలవకండి. మల్టీమీటర్ పంపే కరెంటు సన్నని ఎంసి కాయిళ్లను పాడుచేయగలదు.

ఎక్కువ వస్తే ముందు కేబుల్‌ను పొట్టిది చేయండి. టర్న్‌టేబుల్ నుంచి ప్రీయాంప్‌కు అర మీటరు, ప్రీయాంప్ నుంచి ఆంప్లిఫయర్‌కు ఎంత కావాలంటే అంత. ఆ రెండో తీగ పొడవు శబ్దాన్ని పెద్దగా మార్చదు. అందుకే ప్రీయాంప్ ఎప్పుడూ టర్న్‌టేబుల్ పక్కనే ఉండాలి. తక్కువ వస్తే పెంచుకోవడానికి మీట ఉన్న ప్రీయాంప్ చూడండి. ఏఆర్‌టీ కంపెనీ డీజే ప్రీ 2లో 100, 200 పికోఫారడ్ల మీట, గెయిన్ నాబ్, బేస్ కింది గుడగుడను కోసే ఫిల్టర్ ఉన్నాయి. చిన్న ధర పెట్టెల్లో ఇన్ని సదుపాయాలు అరుదు.

ఎంసి వాళ్లకు

ఎంసి కార్ట్రిడ్జ్‌కు కెపాసిటెన్స్ గోల లేదు, కాయిల్ ఇండక్టెన్స్ మరీ తక్కువ. అక్కడ చూడాల్సింది లోడ్ ఓములు. కాయిల్ ఓములకు పది రెట్లు అన్నది వాడుకలో ఉన్న సూత్రం. డీఎల్-103 కాయిల్ 40 ఓములు కాబట్టి 400 ప్రాంతం బాగుంటుంది. కంపెనీ 100 ఓములకు తగ్గొద్దంటుంది. కాయిల్‌కు సమానమైన లోడ్ పెడితే వచ్చే వోల్టేజే సగమైపోతుంది, శబ్దం మొద్దుబారుతుంది.

మీ దగ్గర ఇప్పటికే మంచి ఎంఎం ప్రీయాంప్ ఉంటే దానికి ముందు స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. 1:10 రకం 20 డెసిబెల్స్ కలుపుతుంది. కార్ట్రిడ్జ్‌కు కనిపించే లోడ్ 47,000ను 100తో భాగిస్తే వచ్చే 470 ఓములు. 1:20 అయితే 26 డెసిబెల్స్, లోడ్ సుమారు 117 ఓములు. డీఎల్-103కు 1:10 చక్కగా కుదురుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్లు పక్కనున్న అడాప్టర్ల హమ్మింగ్‌ను ఇట్టే పట్టేస్తాయి, పెట్టే చోటు జాగ్రత్త. మొదటి టర్న్‌టేబుల్ కొన్నవాళ్లు ఎంసి జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. ఆ డబ్బు మంచి ఎంఎం సూదికి పెడితే తేడా ఎక్కువ వినిపిస్తుంది.

స్పెసిఫికేషన్ కాగితం చదవడం

మూడు విషయాలు చూడండి.

ఆర్‌ఐఏఏ కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 0.5 డెసిబెల్ లోపు ఉండాలి, 0.3 అయితే ఇంకా మేలు. ఆ అంకె అసలు ఇవ్వని కంపెనీని నమ్మడం కష్టం.

హిస్ ఎంతో చెప్పే సిగ్నల్-నాయిస్ నిష్పత్తిని ఏ ఇన్‌పుట్ దగ్గర కొలిచారో చూడండి. ఒకరు 5 మిల్లీవోల్టుల దగ్గర 78 అని, ఇంకొకరు 10 మిల్లీవోల్టుల దగ్గర 84 అని రాస్తే రెండూ ఒకటే. ఇన్‌పుట్ రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ ఉత్తినే కలిసొస్తాయి.

మూడోది హెడ్‌రూమ్, అంటే గట్టి శబ్దం వచ్చినప్పుడు చిరిగిపోకుండా భరించే శక్తి. రికార్డు మీద శిఖరాలు 5 మిల్లీవోల్టుల సగటు మీద పది రెట్లు పోగలవు, గీత మీద పడినప్పుడు వచ్చే ‘టప్’ ఇంకా పైకి పోతుంది. కాబట్టి 1 కిలోహెర్ట్జ్ దగ్గర కనీసం 50 మిల్లీవోల్టులు భరించేది కావాలి, 100 అయితే నిశ్చింత. ఈ అంకె ఇవ్వకపోతే అడాప్టర్ వోల్టేజీ నుంచి మీరే అంచనా కట్టొచ్చు. 5 వోల్టుల యూఎస్‌బీ మీద నడుస్తూ లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ లేని ప్రీయాంప్ ఎంత ఊగినా 5 వోల్టుల మేరే ఊగగలదు. దాన్ని ఆర్ఎంఎస్‌లోకి, అంటే ఏసీ వోల్టేజీని మామూలుగా రాసే కొలతలోకి మారిస్తే 1.77 వోల్టులు. 40 డెసిబెల్స్ గెయిన్‌తో భాగిస్తే ఇన్‌పుట్ దగ్గర 17.7 మిల్లీవోల్టులు దాటగానే చిరుగుతుంది. 12 వోల్టులదైతే 42 మిల్లీవోల్టుల దాకా తట్టుకుంటుంది. అసలు గీతల చప్పుడే చిన్నది. హెడ్‌రూమ్ లేని ప్రీయాంప్ దాన్ని సాగదీసి పెద్దది చేస్తుంది. సెకండ్ హ్యాండ్ రికార్డులు ఎక్కువగా వినేవాళ్లకు అందుకే నా సిఫారసు ఎప్పుడూ హెడ్‌రూమ్ వైపే.

సబ్‌సోనిక్ ఫిల్టర్ గురించి కూడా ఒక మాట. మన ఎండలకు, నిలువుగా కాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన అలవాట్లకు రికార్డులు వంకర తిరగడం మామూలు. వంకర రికార్డు 10 హెర్ట్జ్ కిందే ఊపు పుట్టిస్తుంది. చెవికి వినపడదు గానీ స్పీకర్ కోన్ ముందుకూ వెనక్కూ ఊగుతూ కనిపిస్తుంది. రంధ్రం ఉన్న స్పీకర్లయితే ఇది మరీ ఎక్కువ. 18 లేదా 20 హెర్ట్జ్ కింద కోసే ఫిల్టర్ ఉన్న ప్రీయాంప్ ఆ స్పీకర్లను కాపాడుతుంది.

అడాప్టర్

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిచ్చిన ప్రీయాంప్ అయితే గోడకు గుచ్చేముందు అడాప్టర్ మీద రాసింది చదవండి. ‘100-240 వోల్టులు’ అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది, పిన్ను మార్చే ప్లగ్ చాలు. ‘120 వోల్టులు, 60 హెర్ట్జ్’ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు కాలిపోతుంది. దాని బదులు ఇక్కడిది కొనేటప్పుడు వోల్టేజీ అంతే ఉండాలి, ఏసీ ఇచ్చేదా డీసీ ఇచ్చేదా అన్నది కలవాలి, పిన్ను ధ్రువాలు కలవాలి. కరెంటు మాత్రం సమానంగానో, ఎక్కువగానో ఉండొచ్చు. కొన్ని ప్రీయాంప్‌ల అడాప్టర్లు బయటికి ఏసీయే ఇస్తాయి. వాటికి డీసీ పెడితే పనిచేయవు, కొన్నిసార్లు పాడవుతాయి.

టర్న్‌టేబుల్ కూడా అక్కడినుంచే వచ్చి, దాని మోటార్ నేరుగా ఏసీ కరెంటు మీద నడిచేదైతే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వేగం సరిపోదు. 60 హెర్ట్జ్‌కు తయారైన మోటార్ 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33.3 బదులు 27.8 చుట్లు తిరుగుతుంది. పాట బొంగురుగా సాగుతుంది. ఈ లోపాన్ని ఏ ప్రీయాంపూ సరిచేయలేదు, 50 హెర్ట్జ్ పుల్లీ దొరకాలి.

కలపడం, హమ్మింగ్ పోగొట్టడం

అన్నీ ఆపి, వాల్యూమ్ సున్నాకు తెచ్చి మొదలుపెట్టండి. టర్న్‌టేబుల్ మీట ‘ఫోనో’కు జరపండి. ఎరుపు పిన్ను కుడి, తెలుపు ఎడమ. సన్నని ఎర్త్ తీగను ప్రీయాంప్ స్క్రూకు బిగించండి. రేగా టర్న్‌టేబుళ్లకు విడిగా ఎర్త్ తీగ ఉండదు, వెతక్కండి. ప్రీయాంప్ అవుట్‌పుట్‌ను ఆంప్లిఫయర్ ‘ఆక్స్’ లేదా ‘లైన్’కు కలపండి, ‘ఫోనో’కు కాదు. ముందు ప్రీయాంప్, ఒక నిమిషం ఆగి ఆంప్లిఫయర్ వేయండి.

రికార్డు పెట్టకుండా వాల్యూమ్‌ను రోజూ వినేంత మేర తిప్పండి. గుంయ్‌మని మోగితే ఈ వరుసలో వెళ్లండి:

1. ఎర్త్ తీగ బిగుతుగా ఉందా చూడండి. స్క్రూ కింద ప్లాస్టిక్ పొర చిక్కుకుని ఉంటుంది కొన్నిసార్లు.
2. ప్రీయాంప్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ జరపండి. శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటే దగ్గర్లో ఏదో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆంప్లిఫయర్ మీద, స్టెబిలైజర్ పక్కన, రౌటర్ పక్కన ఎప్పుడూ పెట్టకండి.
3. టర్న్‌టేబుల్ కేబుళ్లను ప్రీయాంప్ నుంచి ఊడదీయండి. హమ్మింగ్ ఆగితే తప్పు టర్న్‌టేబుల్ వైపు, ఆగకపోతే ప్రీయాంప్ నుంచి ఇటువైపు.
4. ఆంప్లిఫయర్‌కు సెట్-టాప్ బాక్స్ గానీ, ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ గానీ కలిసి ఉంటే ఊడదీయండి. కేబుల్ టీవీ తీగ ద్వారా ఇంకో ఎర్త్ దారి ఏర్పడి లూప్ తయారవుతుంది.
5. అన్నిటినీ ఒకే స్పైక్ బోర్డుకు, మూడు పిన్నుల ప్లగ్‌తో కలపండి. ఇంటి ఎర్తింగ్ సరిగా లేదనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. హమ్మింగ్ పోవడానికి ఎర్త్ పిన్నును ఊడబెరకడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, ఆ పని ఎవరు సలహా ఇచ్చినా చేయకండి.

కుడి లేదా ఎడమ ఒక్క వైపే మోగితే కార్ట్రిడ్జ్ వెనక నాలుగు చిన్న తీగల్లో ఒకటి వదులైంది.

హమ్మింగ్ లేదని తేలాక బాగా తెలిసిన రికార్డు ఒకటి పెట్టి, సూది శుభ్రం చేసి వినండి. మొదటి పాటలోనూ, లేబుల్ దగ్గరి చివరి పాటలోనూ ‘స’లు గమనించండి. మొదటి పాటలోనే గుచ్చుకుంటే కెపాసిటెన్స్ లెక్క మళ్లీ చూడండి. చివరి పాటలో మాత్రమే గుచ్చుకుంటే అది సూది అరుగుదలో, కార్ట్రిడ్జ్ అమరికో. ప్రీయాంప్ మార్చి లాభం లేదు.

పాత తెలుగు రికార్డులున్నవాళ్లకు

1960లలో వచ్చిన తెలుగు సినిమా పాటల చిన్న రికార్డులు చాలావరకు మోనో. మోనో గాడిలో పాటంతా పక్కలకు ఊగే కదలికలోనే ఉంటుంది, పైకీ కిందికీ ఊగే కదలికలో ఉండేది దుమ్ము, గీతల చప్పుడు మాత్రమే. ‘మోనో’ మీట ఉన్న ప్రీయాంప్ గానీ ఆంప్లిఫయర్ గానీ కుడి ఎడమలను కలిపేసరికి ఆ చప్పుడులో పెద్ద భాగం ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. ఇంట్లో పెట్టెనిండా ఇలాంటి రికార్డులు ఉన్నవాళ్లకు ఖరీదైన ప్రీయాంప్ కంటే ఈ ఒక్క మీట ఎక్కువ మేలు చేస్తుంది.

78 వేగంతో తిరిగే లక్క రికార్డులకు ముందు కావాల్సింది వేరే సూది. వాటి గాడి వెడల్పు, సుమారు 3 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మొన ఉన్న సూది కావాలి. ఎల్‌పీ సూది గాడి అడుగున ఈడ్చుకుపోయి గరగరమంటుంది, త్వరగా పాడవుతుంది. ఏటీ-వీఎం95 బాడీ ఉన్నవాళ్లు 78లకని అమ్మే ఎస్‌పీ సూదిని అదే బాడీకి తొడుక్కోవచ్చు, బరువు 5 గ్రాములకు పెంచాలి. ప్రీయాంప్ మార్చక్కర్లేదు.

మిగిలేది స్వర సవరణ. 1954కు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. బ్రిటన్ హెచ్‌ఎంవి 78లలో బేస్ తగ్గింపు 250 హెర్ట్జ్ ప్రాంతంలోనే మొదలయ్యేది, పై స్వరాల పెంపు ఉండేది కాదు. వీటిని ఆర్‌ఐఏఏ ప్రీయాంప్‌తో వింటే పైభాగం కప్పేసినట్టు, బేస్ బరువుగా అనిపిస్తుంది. ఆంప్లిఫయర్‌లో ట్రెబుల్ పెంచి, బేస్ కాస్త తగ్గించి వినడం సులువైన దారి. భద్రపరచడానికి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లయితే ఆర్‌ఐఏఏతోనే రికార్డు చేసి, తర్వాత ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈక్వలైజర్‌తో ఆ సవరణను తిరగేసి, పాత పద్ధతిది వేసుకోవచ్చు. ఎక్కించేటప్పుడు శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టండి, 24 బిట్లలో దాచండి, సవరించని అసలు ఫైల్‌ను విడిగా ఉంచండి.